భుజం మార్చిన చోట

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే ఉండనివ్వండి, చేతులు వాటి పని అవి చూసుకుంటాయి. చెవులు మాత్రం కాసేపు నాకివ్వండి. ఇది ఒక పాట కథ. పాటేమో అందరి నోళ్ళలోనూ ఉంది, దాని వెనకాల కూర్చుని ఏడ్చిన మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. అందుకే చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఒకటే ఏడుపు! పసిపిల్ల ఒక్కతే ఏడుస్తోందనుకునేరు... ఉయ్యాలలో పిల్ల, మంచం మీద పిల్లతల్లి, ఇద్దరూ పోటీలు పడి ఏడుస్తున్నారు. పాలు పట్టారు, గుడ్డలు మార్చారు, కడుపు మీద గోరువెచ్చని చెయ్యి వేసి నిమిరారు... ఊహూఁ! పిల్ల గుక్కపట్టి నీలంగా మారిపోతోంది. అల్లుడు రైళ్ళ మీద ఉద్యోగం చేసేవాడు, ఇంటిపట్టున ఉండడు, అందుకని కూతురు పురిటికి తల్లి దగ్గరే ఉంది. ఆ తల్లేమో వెనక గదిలో కుట్టు మిషను ముందు తల వంచుకుని, ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తోంది. ఆ వీధిలో అందరూ ఆమెని సూదమ్మ అంటారు. సూది పట్టిన చెయ్యి ఆగదు, మూసిన పెదవి విడదు. కబుర్లకి నిలబడదు, కూనిరాగమైనా తియ్యదు. పాటల మాస్టారి ఇంట్లో, ఆయన భార్యే పాట రాని మనిషని అందరూ నవ్వుకునేవారు.

"అమ్మా! ఒక్కసారి వచ్చి జోల పాడవే! నా గొంతు పోయింది. నువ్వు పాడితే పడుకుంటుందేమో..." అని మంచం మీంచి పిలిచింది కూతురు.

మిషను ఆగింది. సూదమ్మ వచ్చి ఉయ్యాల తాడు పట్టుకుంది. ఊపింది. నోరు మాత్రం విప్పలేదు.

"పాడమ్మా!"

"నాకు రాదు తల్లీ."

అంతే! కూతురిలో ఎన్నాళ్ళనుంచి కుతకుతలాడుతోందో, ఒక్కసారిగా పొంగి పైకొచ్చింది. "రాదా? ప్రతి అమ్మకీ వచ్చేది నీకొక్కదానికీ ఎందుకు రాదు? నాక్కూడా పాడలేదు నువ్వు! జ్వరమొస్తే తడిగుడ్డ వేశావు, బడికి వెళ్తుంటే జడ వేశావు, గౌన్లు కుట్టావు, అన్నీ చేశావు... ఒక్క జోల, ఒక్క ముక్క పాడావా? పక్కింట్లో వాళ్ళమ్మ పాడుతుంటే గోడకి చెవి ఆనించి నిద్రపోయిన దాన్ని నేను! నాకంటే ముందు పుట్టి పోయాడే అన్నయ్య, వాడితోపాటే నీ ప్రేమ కూడా మట్టిలో పెట్టేశావు. నాకు మిగిలింది మిషను చప్పుడు!"

సూదమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. ఉయ్యాల తాడు మాత్రం వదల్లేదు.

వంటింట్లోంచి ఆడపడుచు తడిచేతుల్లో గరిటెతో వచ్చింది. మాస్టారికి అక్క. ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళ వైపు ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునేది ఆవిడే. గొంతు ఎత్తితే కిటికీ అద్దాలు గలగలమంటాయి. "పోనీలే అమ్మడూ, మీ అమ్మకి దేవుడు గొంతు పెట్టడం మరిచిపోయి, ఆ మట్టి కూడా వేళ్ళకే పూసేశాడు. నేను పాడనా?" అంది.

"వద్దత్తా! నువ్వు పాడితే ఇప్పుడు ఏడుస్తున్నది లేచి పరిగెడుతుంది!" అంది కూతురు. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది.

ఈ గోలంతా విని ముందు గదిలోంచి మాస్టారు వచ్చాడు. ఆ మనిషి గురించి చెప్పాలి మీకు. కొన్ని పాటలు తనే కట్టాడు, కొన్ని పరాయి భాషల్లోంచి ఏరి తెచ్చి, మన మాట మన నోట్లో తిరిగేలా మార్చాడు. ఆదివారం ఏ మందిరంలో చూసినా ఆయన పాట ఒకటైనా పాడకుండా జనం ఇంటికి పోరు. అన్నిటికన్నా పేరు తెచ్చింది ఒకటుంది. "నీ ఒడిలో నిదురించనీ తండ్రీ... నా ఒడి ఖాళీ అయినా" అనే పాట. మొదటి బిడ్డ, వాడికింకా నడకైనా రాకముందే, జబ్బుచేసి పోతే, ఆ దుఃఖంలో కట్టాడు. అప్పటినుంచి ఎవరింట్లో మనిషి పోయినా సమాధి దగ్గర ఆ పాటే. "ఆ రాగం నేను కట్టింది కాదండీ. హార్మోనియం మూసేసి, ఇక ప్రార్థనే చెయ్యనని కూర్చున్న రోజుల్లో ఒక గొంతు వినిపించింది. నిద్రో మెలకువో తెలియదు. దేవుడే నా చెవిలో పాడాడు" అని వేదిక ఎక్కిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటూ చెప్పేవాడు. జనం కూడా కళ్ళు తుడుచుకునేవారు. సూదమ్మ మాత్రం ఆ పాట ఎత్తుకోగానే లేచి మెల్లగా బయటికి వెళ్ళిపోయేది. "మొగుడి పేరు చూసి ఓర్వలేదమ్మా" అని కొందరు, "రాతిగుండె" అని కొందరు... ఎవరేమన్నా ఆమె నోరు మెదపలేదు.

మాస్టారు మనవరాలిని ఎత్తుకుని ఛాతీకి ఆనించుకున్నాడు. "ఏడవకు బంగారూ, తాత పాడతాడుగా!" అని, అలవాటుగా నోటికొచ్చిన పాట, తన పాటే, ఎత్తుకున్నాడు.

"నీ ఒడిలో నిదురించనీ..."

"ఆపండి!!"

ఆ అరుపుకి మాస్టారు పాట సగంలో ఆపేశాడు. ఆడపడుచు చేతిలో గరిటె కింద పడింది. ఎవరరిచారో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు, ఆ ఇంట్లో ఆ గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు మరి!

"శవాల ముందు పాడింది నా మనవరాలి మీద పాడకండి! దణ్ణం పెడతాను, ఆ పాట దానికి తగలనివ్వకండి!" సూదమ్మ ఉయ్యాల తాడు వదిలేసి రెండు చేతులూ జోడించింది.

"ఏమైందే నీకు? అది దేవుడిచ్చిన పాట..."

"దేవుడిచ్చాడో ఎవరిచ్చారో... అది నా బిడ్డకి నేను పాడుకున్న జోలండీ!"

పిల్ల కూడా ఏడుపు ఆపి చూసింది.

ఇన్నాళ్ళూ మింగిన మాటలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. "వాడు పుట్టిన దగ్గర్నుంచి అదే పాడాను. దానికి మాటల్లేవు, ఊఁ ఊఁ అంటూ రాగం ఒక్కటే. వాడు పోయాక వెనక గదిలో మిషను తొక్కుతూ అదే కూనిరాగం తీసుకున్నాను. ఇంకేముంది నా దగ్గర? వాడి గౌను మీరే కదండీ వాడితో పాటు పెట్టెలో పెట్టమన్నారు, పెట్టాను. మిగిలింది ఆ రాగం. అది తీస్తుంటే వాడి బరువు భుజం మీదికొచ్చేది. మీరు ఈ గోడకి అవతల, తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉండేవారు. ఒక ఆదివారం మందిరానికి వెళ్ళాను. మీరు హార్మోనియం ముందు కూర్చున్నారు. జనమంతా లేచి... నా జోల పాడారండీ! నా బిడ్డ జోల! ఎవరెవరో, ముక్కూ మొహం తెలియని వాళ్ళు... వదిన గొంతెత్తి పాడుతోంది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని తీద్దామంటే, వాడు రాలేదు. వదిన గొంతొచ్చింది, మీ హార్మోనియం వచ్చింది, వాడు మాత్రం మళ్ళీ రాలేదు..."

"ఇదిగో, నన్నెందుకమ్మా మధ్యలో..." అనబోయింది ఆడపడుచు. అని, మాట తడబడి, కింద పడ్డ గరిటె పక్కనే చతికిలబడింది.

"ఆ తర్వాత ఇది పుట్టింది" అని కూతురి వైపు తిరిగింది సూదమ్మ. "పాడదామని నోరు తెరిచాను తల్లీ! తెరిచినప్పుడల్లా ఆ పాటే వచ్చేది. అప్పటికే ఊళ్ళో ప్రతి శవం ముందూ పాడుతున్నారు. మట్టి వేసేటప్పుడు పాడే పాట ఉయ్యాల దగ్గర ఎలా పాడను? నీకేమైనా అయితే? భయమేసింది... వేరే పాట నేర్చుకుందామంటే అందులోకే జారిపోయేది. అందుకే నోరు కట్టేసుకున్నాను. నువ్వంటే ఇష్టం లేక కాదమ్మా... నా దగ్గరున్నది ఒక్కటే పాట. అది మీ నాన్న అందరికీ ఇచ్చేశారు."

మాస్టారు కొయ్యబారిపోయాడు. పాపం, ఆయనకి కోపమూ వచ్చింది. రాదా మరి? జీవితమంతా దేవుడి గొంతని నమ్మినది మిషను గదిలోంచి వచ్చిందంటే ఎవరికి మింగుడుపడుతుంది! "నీకు భ్రమ! నా పాట విని విని నీదనుకుంటున్నావు. సరే, నీదే అయితే చెప్పు. 'తండ్రీ' అన్న చోట ఒక తాళం ఖాళీ ఉంటుంది. పెద్ద పెద్ద విద్వాంసులు అడిగారు నన్ను, అక్కడెందుకు ఆగాలని. దేవుడు ఊపిరి తీసుకున్న చోటని చెప్పాను. అది ఎందుకుందో నువ్వు చెప్పు!"

సూదమ్మ ఆయన చేతుల్లోంచి పిల్లని తీసుకుంది. కుడి భుజం మీద వేసుకుంది. పాడలేదు, ఊరికే పెదవులు కదుపుతూ గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా నడిచింది. పాటలో 'తండ్రీ' వచ్చే చోటికి అడుగులు చేరగానే, టక్కున ఆగి, పిల్లని ఎడమ భుజం మీదికి మార్చింది. మళ్ళీ నడిచింది.

"పెద్దోడు బొద్దుగా ఉండేవాడండి. అంతసేపు ఒక భుజం మీద మోయలేకపోయేదాన్ని" అంది.

మాస్టారు గోడ పట్టుకుని జారి కూర్చున్నాడు. ఆయన తాళం తప్పని మనిషి కదా, ఆ నడకే చెప్పేసింది ఆయనకి. "మరి... మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"మీరు తిండి మానేశారు. ప్రార్థన మానేశారు. హార్మోనియం అమ్మేస్తానన్నారు. ఆ రాగం విన్నాకే కదా లేచి మొహం కడుక్కున్నారు! దేవుడు పలికాడని మీరు సంతోషంగా చెప్పుకుంటుంటే, ఆయన కాదు నేనే అని ఏ నోటితో చెప్పను? వాడు ఎలాగూ పోయాడు. మీరు కూడా పోతే..."

కూతురు మంచం దిగి వచ్చి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది. "అమ్మా! తెలియక అన్నానే... తెలియక..." అని వెక్కివెక్కి ఏడ్చింది. సూదమ్మ ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో పిల్లతల్లిని నిమిరింది. కానీ పాడలేదు. అన్నీ చెప్పేస్తే బరువు దిగిపోతుందని మనం అనుకుంటాం కానీ, అమ్మా, కొన్ని బరువులు దిగాక అవి ఉన్న చోటే నొప్పి పెడుతుంది.

ఆదివారం వచ్చింది. మాస్టారు హార్మోనియం ముందు కూర్చోకుండా జనం ముందు నిలబడ్డాడు. "ఈ రాగం దేవుడు నా చెవిలో పాడాడని మీ అందరికీ చెప్పాను. పొరపాటు పడ్డాను. అది నా భార్య మా బిడ్డకి పాడిన జోల. ఆమెని అడగకుండా తీసుకున్నాను. ఇవాళ తిరిగి ఇచ్చేస్తున్నాను. పాట మాటలు నావే, అవి వేరే బాణీలో కూడా ఇముడుతాయి. కొత్త బాణీ కట్టాను. ఇకనుంచి దయచేసి అదే పాడండి" అన్నాడు. పాస్టరుగారు బిత్తరపోయారు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూదమ్మ మీద ఉన్న గౌరవంతో కొందరు, మాస్టారి మాట తీసెయ్యలేక కొందరు, కొత్త బాణీ నేర్చుకున్నారు. నేర్చుకున్నారు కానీ... ఏం చెప్పను!

"ఒరేయ్ తమ్ముడూ, నీ కొత్త బాణీ తడిసిన పరుపులా ఉందిరా! నలుగురం పట్టి ఎత్తబోయినా లేవడం లేదు" అంది అక్క.

"లేపండక్కా. మీరు లేపాలి" అన్నాడాయన. నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన ఊరికే ఉండలేదు. ఆ పాట పాడే మందిరాలన్నిటికీ, ఎండనక వాననక, హార్మోనియం భుజాన వేసుకుని వెళ్ళాడు. పాత బాణీ మానిపించడానికి! తాను కట్టిన మేడని తానే ఇటుక ఇటుకగా విప్పుకోవడమంటే అదే కదమ్మా. కొన్నిచోట్ల నవ్వారు. కొన్నిచోట్ల "ముసలాయనకి మతి చలించింది" అన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే సూదమ్మ మంచినీళ్ళిచ్చేది.

"నేనడగలేదుగా ఇదంతా చెయ్యమని" అంది ఒకసారి.

"నేనూ ఆనాడు నిన్నడగలేదుగా" అన్నాడు. గ్లాసు అందుకుని గడప మీద కూలబడ్డాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "అయితే... దేవుడు నాతో మాట్లాడనే లేదన్నమాట. నేను అంత ఏడ్చినా..."

సూదమ్మ ఆయన పక్కనే గడప మీద కూర్చుంది. "నాకూ ఆ రాగం ఎవరూ నేర్పలేదండి. మా అమ్మ పాడిందీ కాదు. వాడిని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. గోడకి అవతల మీకు ఇచ్చిందెవరో నేను చెప్పాను. ఇవతల నాకు ఇచ్చిందెవరో నేనెప్పుడూ అడగలేదు."

ఆయన తలూపాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సూది పొడిచి పొడిచి గట్టిపడిన ఆ వేలి కొనని బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు. అంత దగ్గరగా కూర్చున్నా ఇద్దరికీ మధ్య ఒక తాళం ఖాళీ!

కూతురు పిల్లని తీసుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది. సూదమ్మ మిషను ముందు కూర్చుని, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఎవరూ వినడం లేదని చూసుకుని, పెదవులు విప్పి ప్రయత్నించేది. రాగం ఆమెకి తిరిగి వచ్చింది కదా! వచ్చింది కానీ, ఎన్నాళ్ళో ఎవరెవరో కాపురాలు చేసి ఖాళీ చేసిన ఇల్లులా ఉంది. ఏ మూల చూసినా పరాయి వాసన. మళ్ళీ పెదవులు మూసుకునేది. మిషను తొక్కేది. ముందు గదిలో హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉండేది. ఒకప్పుడు ఇద్దరి మధ్య పాట అడ్డొచ్చిన ఇంట్లో ఇప్పుడు పాట లేకపోవడమే అడ్డొచ్చింది.

అలా ఎండల్లోనూ వానల్లోనూ తిరిగి తిరిగి మాస్టారి ఛాతీలోకి జలుబు దిగింది. మంచమెక్కాడు, మరి లేవలేదు. చివరి రోజు పొద్దున్న భార్యని పిలిచి, "నా సమాధి దగ్గర మాత్రం పాత బాణీ పాడనివ్వకు. పొరపాటున ఎవరైనా ఎత్తుకుంటే ఆపు. అది నీది" అన్నాడు. ఆమె దుప్పటి సర్దింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

సమాధి దగ్గర జనం... ఇసకేస్తే రాలనంత జనం! ఆయన పాటలు పాడి పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు, ఆయన పాటలు పాడి తల్లుల్ని సాగనంపినవాళ్ళు. కూతురు తండ్రి పెట్టె పక్కన నిలబడలేక నిలబడింది. మనవరాలు అమ్మమ్మ కుడి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి ఆడపడుచు వైపు చూశారు.

ఆవిడ ఎత్తుకుంది. తమ్ముడు చెప్పినట్టే, కొత్త బాణీలో. రెండు మాటలు పాడేసరికి దుఃఖం అడ్డుపడింది. ఆగింది. ఇంకెవరో అందుకున్నారు, బాణీ తప్పారు. మరొకరు సర్దబోయారు. ఎవరికీ లేవలేదు పాట! ఊరందరి చావులకీ పాట ఇచ్చిన మనిషి, తన పెట్టె ముందు పాటే లేకుండా పడుకుని ఉన్నాడు... పారలు పట్టుకున్నవాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

అప్పుడు సూదమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"నీ ఒడిలో..."

ఎంత సన్నని గొంతో! వాడక వాడక బీటలు వారిన గొంతు. పాత బాణీ! కూతురు ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ గొంతు కలపలేదు, కలపడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆమె ఒక్కతే పాడుతోంది.

"...నిదురించనీ తండ్రీ..."

ఆగింది. నిద్రపోతున్న పిల్లని మెల్లగా కుడి భుజం మీంచి ఎడమ భుజం మీదికి మార్చుకుంది. ఇన్నేళ్ళుగా తాము ఆగుతూ వచ్చిన ఆ ఖాళీలో ఏముందో అందరూ కళ్ళతో చూశారు.

"...నా ఒడి ఖాళీ అయినా."

రెండోసారి ఎత్తుకునేముందు ఆమె జనం వైపు తిరిగింది. "పాడండమ్మా" అంది. "ఆయన అడగలేదు. నేనే ఇస్తున్నాను. అందరూ పాడండి."

ఎలా లేచిందనుకున్నారు ఆ పాట! ఏడుస్తూ, ముక్కులు చీదుతూ, గొంతులు పగిలిపోతూ పాడారు. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా ఆగారు. చేతుల్లో పిల్లలున్న తల్లులు భుజం మార్చుకున్నారు. పిల్లలు లేనివాళ్ళు ఊరికే నిలబడి ఎవరో ఒకరిని తలుచుకున్నారు.

అందరూ వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంది. ముందు గదిలో దుప్పటి కప్పిన హార్మోనియం, మూలన ఆయన చెప్పులు. సూదమ్మ ఆ చెప్పుల దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టింది. వెనక గదిలోకి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కూతురు వచ్చి కింద కూర్చుని ఆమె ఒళ్ళో తల పెట్టింది.

"అమ్మా... నాకు కూడా..." అని సగంలో ఆపేసింది. అంత పెద్దది, బిడ్డ తల్లి, ఎలా అడుగుతుంది?

సూదమ్మ కూతురి జుట్టులో వేళ్ళు పెట్టింది. మాటల్లేకుండా, ఊఁ ఊఁ అంటూ ఆ రాగం తీసింది. ఆ ఖాళీ దగ్గర ఆగినప్పుడు, కూతురి తలని ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చింది. పెద్దోడు మళ్ళీ వచ్చాడో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. గోడకి అవతల వినేవాళ్ళు మాత్రం ఇప్పుడు ఎవరూ లేరు. ఆ సంగతి తెలిసి కూడా, అవతలికి వినపడేంత గట్టిగానే పాడింది.

అదమ్మా ఆ పాట కథ. మీరు ఎప్పుడైనా ఏ సమాధి దగ్గరో, ఏ ఉయ్యాల దగ్గరో ఆ పాట వింటే, ఆ ఖాళీని తొందరపడి నింపెయ్యకండి. అక్కడ ఒక తల్లి బిడ్డని భుజం మార్చుకుంటోంది, మార్చుకోనివ్వండి. మీ పిల్లలు ఇక్కడెందుకు ఆగాలని అడుగుతారు, పిల్లలు అడక్క మానరు. అప్పుడు మాస్టారి పేరూ చెప్పండి, మరిచిపోకుండా సూదమ్మ సంగతీ చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పనక్కరలేదు, మీ నోటికి వచ్చినట్టే చెప్పండి. చెప్పడం మాత్రం మానకండి, తల్లుల్లారా.